కల్పకుడెవరు? పేటెంటు చట్టమునకు యంత్రము వేసిన ప్రశ్న

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, ఏ రాజవంశమును గూర్చియో, మన గ్రామ దేవాలయమును గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబూనినది ఒక చట్టము చరిత్ర. చట్టమను మాట వినగానే పుట త్రిప్పివేయవలదని పాఠకులకు మనవి. ఈ చరిత్ర మన దేశమునకు సంబంధించినంతవరకు పంకా లాగు త్రాటితో మొదలగును. ఒక యంత్రము తనంతట తానే క్రొత్త వస్తువును కల్పించినదనియు, కావున కల్పకుని పేరుండవలసిన చోట ఆ యంత్రము పేరే వ్రాయవలెననియు ఒక అమెరికా దేశీయుడు పెక్కు దేశముల న్యాయస్థానములలో వాదించిన ముచ్చటవరకు వచ్చును.

1856వ సంవత్సరము మార్చి 3వ తేదీన కలకత్తా నివాసియగు జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ అను నాతడు, పంకా లాగుటకు తాను ఒక మంచి యంత్రమును కల్పించితిననియు, దానిపై తనకు ప్రత్యేక హక్కు దయచేయవలెననియు ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టుకొనెను. ఆ రోజులలో దొరల కచేరీలలోను బంగాళాలలోను పైకప్పునుండి వ్రేలాడు పెద్ద గుడ్డపంకాను, వసారాలో కూర్చున్న కూలివాడు త్రాడు లాగి ఊపుచుండెడివాడు. ఆ కూలివాని పనిని యంత్రమునకు అప్పగించుటయే డిపెన్నింగ్ ఉద్దేశము. మన దేశమున మొట్టమొదటి పేటెంటు ఇదియే. మనుష్యుని చేతిపనిని యంత్రము చేయుట ఆనాటినుండి నడచుచునే యున్నది. అందు వింత లేదు. అయితే ఆ యంత్రమెట్లుండవలెనో ఆలోచించినవాడు డిపెన్నింగ్. చేయి యంత్రముది, ఆలోచన మనుష్యునిది. ఈ రెండవ భాగముకూడ యంత్రమునదేయని చెప్పువారు మన కాలమున బయలుదేరిరి. తగవంతయు అక్కడ పుట్టినది.

పేటెంటు ఒక ఒడంబడిక వంటిది. క్రొత్త వస్తువునో, క్రొత్త పద్ధతినో కనిపెట్టినవాడు దాని గుట్టు దాచుకొనక, ఆ పని తెలిసినవారెవరైనను చదివి చేయగలుగునట్లు వ్రాసి ప్రభుత్వమునకు దాఖలు చేయవలెను. అందులకు ప్రతిఫలముగా, అతని అనుమతి లేనిదే ఆ వస్తువును ఇతరులు చేయరాదని, అమ్మరాదని ప్రభుత్వము కొన్ని సంవత్సరములవరకు కట్టడి చేయును. గడువు తీరిన పిమ్మట అది అందరి సొత్తు. మన ప్రాంతములలో పూర్వము కొందరు వైద్యులు తమ మందు యోగములను పెద్దకొడుకు చెవిలో మాత్రము చెప్పుటయు, కొడుకు లేనివారు ఆ విద్యను తమతోనే తీసికొనిపోవుటయు మనము ఎరిగినదే. విద్య ఆ విధముగా మట్టిలో కలియకుండుటకే ఈ ఏర్పాటు పుట్టినది.

ఇటలీ దేశమునందలి వెనిసు నగర ప్రభుత్వము 1474లో ఇట్టి శాసనమును మొదట చేసెను. ఇంగ్లండులో 1624లో పార్లమెంటు చేసిన చట్టము ఇంతకంటె ప్రసిద్ధము. అంతకుముందు అక్కడి రాజులు తమ ఆశ్రితులకు చీట్లపేకవంటి మామూలు సరకులమీదకూడ గుత్తహక్కులు పంచిపెట్టుచుండిరి. ప్రజలు గగ్గోలు పెట్టగా పార్లమెంటు గుత్తలను చాలవరకు కొట్టివేసెను. మిగిల్చినవానిలో ముఖ్యమైనది ఇది: క్రొత్త వస్తువును కల్పించిన నిజమైన, మొట్టమొదటి కల్పకునకు 14 సంవత్సరముల హక్కు. ఏడేసి సంవత్సరముల శిష్యరికము రెండు మారులు పూర్తియగు కాలమని ఆ గడువునకు అర్థము చెప్పుదురు. ‘నిజమైన, మొట్టమొదటి కల్పకుడు’ అను ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. నాలుగు వందల సంవత్సరములు గడచినను ఆ మాట చెక్కుచెదరలేదు. మన 1970వ సంవత్సరపు పేటెంటుల చట్టములో, దరఖాస్తు పెట్టుకొనదగిన వారెవరని చెప్పు ఆరవ ప్రకరణమున నేటికిని అదే మాట యున్నది.

1856నాటి చట్టము ఇంగ్లండు రాణి ముందనుమతి లేక చేయబడినదన్న కారణమున మరుసటి సంవత్సరమే రద్దయి, 1859లో మరల పుట్టెను. 1911లో మరియొకటి వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ విషయమును విచారించిన ఎన్. రాజగోపాల అయ్యంగారుగారు 1959లో సమర్పించిన నివేదికలో, మన దేశపు పేటెంటులలో అత్యధిక భాగము విదేశీయులవేయనియు, వానిలో పెక్కింటి ప్రకారము ఇక్కడ వస్తువు తయారగుటయే లేదనియు తేల్చిరి. తాను చేయడు, ఇంకొకని చేయనీయడు! ఆ నివేదిక ఫలితమే 1970 చట్టము. అది 1972 ఏప్రిలు 20 నుండి అమలయ్యెను. మందులకును ఆహారమునకును వస్తువుపై హక్కు తీసివేసి, తయారుచేయు పద్ధతిపై మాత్రము హక్కు నిలిపిరి. వేరు పద్ధతిని అదే మందు చేయుటకు మనవారికి వీలు చిక్కెను. హైదరాబాదు చుట్టుపట్ల మందుల పరిశ్రమ అంతగా పెరుగుటకు ఇది ఒక ముఖ్య కారణము. 2005 జనవరినుండి మందుపైకూడ హక్కు మరల వచ్చినది. ఆ కథ వేరు, ఇక్కడ విస్తరింపను.

కల్పకుడనగా ఎట్టివాడో చూపుటకు మన తెలుగునాటనే మంచి ఉదాహరణ కలదు. నల్గొండ ప్రాంతమున ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశముగారు చేనేత కుటుంబమువారు. పోచంపల్లి చీరకు రంగులద్దుటకు ముందు పట్టు నూలును మేకులచుట్టు త్రిప్పుచు ఆసు పోయవలెను. ఒక్క చీరకు చేయి వేల పర్యాయములు ముందుకు వెనుకకు ఆడవలెను. ఆ పని ఇంట ఆడవారిది. తల్లి లక్ష్మమ్మగారి భుజములు, మోచేతులు నొప్పులతో పనికిరాకుండ పోవుచుండుట చూచి, పెద్ద చదువు లేకున్నను ఆయన 1992లో ప్రయత్నము మొదలుపెట్టి, నడుమ ఎన్నో భంగపాటులకోర్చి, 1999 నాటికి ఆసు యంత్రమును పూర్తిచేసి తల్లి పేరే దానికి పెట్టెను. ఆయనకు పేటెంటు లభించెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. ఏడేండ్ల కష్టము, చేతినుండి పోయిన డబ్బు, ఇరుగుపొరుగువారి ఎగతాళి, ఇవన్నియు ఆ యంత్రము వెనుక కలవు. చట్టము ఆశ చూపుచున్నది ఇట్టివానికే.

కల్పకుడెవరను తగవు యంత్రములు రాకముందును చిక్కైనదే. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులు. వారి ఆధ్వర్యవమున జరిగిన కృషిలో మట్టినుండి ఆరియోమైసిన్ అను మందు బయటపడెను. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో దివంగతులైరి. 1949లో మంజూరైన పేటెంటు పత్రముపైనున్న పేరు బెంజమిన్ డగ్గర్ గారిది. డగ్గర్ గారు ఆ సూక్ష్మజీవిని పట్టుకొన్న శాస్త్రజ్ఞులే గనుక ఇందు అన్యాయమేమియు లేదు. వెదకుమని చెప్పి, వెదకుటకు తోవ ఏర్పరచినవారు ఒకరు, కనుగొన్నవారు మరియొకరు. చట్టము కనుగొన్నవారి పేరు వ్రాసికొనును. మరి వెదకి కనుగొన్నది యంత్రమైనచో?

‘కృత్రిమ మేధ’ అను పేరు 1955లో జాన్ మెకార్తీ మొదలగు అమెరికా పండితులు వ్రాసిన ఒక ప్రతిపాదనలో పుట్టి, మరుసటి యేడు డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సమావేశముతో స్థిరపడినది. అంతకు నూరేండ్లకు పైగా ముందే, 1843లో, చార్లెస్ బాబేజి తలపెట్టిన గణన యంత్రమును వివరించుచు ఆడా లవ్‌లేస్ అను ఆంగ్ల విదుషి, ఆ యంత్రము తానుగా దేనిని పుట్టింపజాలదనియు, మనము చేయింప నేర్చినదానినే చేయుననియు వ్రాసియుండెను. ఆ మాట చాలకాలము చెల్లినది. 2006లో అమెరికావారి అంతరిక్ష సంస్థ మూడు చిన్న ఉపగ్రహములను ఎగురవేసెను. వానిలోని ఒకవిధమైన ఆంటెనాను ఏ ఇంజనీరును గీయలేదు. మనము మంచి విత్తనము ఏరి, పంటకు పంట మేలుచేసికొనునట్లు, కంప్యూటరు వేలకొలది ఆకారములు పుట్టించి, పనికిమాలినవానిని పారవేసి, మిగిలినవానిని కలిపి, తుదకొక వంకర తీగను ఎంపిక చేసెను. చూచుటకు వంగిపోయిన గుండుపిన్నువలె నుండును. పని చక్కగా చేసినది. 2020లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు రెండువేలకు పైగా పదార్థముల గుణములను కంప్యూటరునకు నేర్పి, మరి సుమారు 6,000 పదార్థములను దానిచేత జల్లెడ పట్టించిరి. మధుమేహమునకు పనికివచ్చునేమోయని పూర్వము పరీక్షించి విడిచిన ఒక పదార్థము, మొండి సూక్ష్మజీవులను చంపు మందుగా అందునుండి తేలినది. దానికి హాలిసిన్ అని పేరిడిరి. ఇట్టి పనులన్నిటను మనుష్యులు తమ పేరులే పెట్టుకొనిరి, ఎవరును ఆక్షేపింపలేదు.

ఆక్షేపణకు తావిచ్చినవాడు స్టీఫెన్ థేలర్. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రమువాడు. డాబస్ అను పేర ఒక కృత్రిమ మేధా యంత్రమును నిర్మించెను. 2018 అక్టోబరు, నవంబరు మాసములలో ఆయన బ్రిటిషు పేటెంటు కార్యాలయమునకు రెండు దరఖాస్తులు పంపెను. ఒకటి ఆహారము పెట్టుకొను పాత్ర. దాని గోడలు మిట్టపల్లములతో నుండుటచే ఒకదానితో నొకటి ఇమిడి యుండును, చేతికి పట్టు దొరకును. రెండవది, ఆపదలో నున్నవారు ఇతరుల కంటబడుటకై ఒక ప్రత్యేకమైన తాళములో మినుకుమినుకుమను దీపము. వస్తువులు స్వల్పములే. కాని కల్పకుని పేరు వ్రాయవలసిన గడిలో ఆయన డాబస్ అని వ్రాసెను. కల్పకుడను తాను కాననియు, యంత్రము యజమానిని గనుక హక్కు మాత్రము తనకు రావలెననియు ఆయన వాదము. సర్రే విశ్వవిద్యాలయ న్యాయాచార్యుడు రయన్ అబట్ ఆయనకు అండగా నిలిచి, ఇట్టి దరఖాస్తులనే పెక్కు దేశములకు పంపించెను. ఆదాయముకొరకుకంటె ప్రశ్న తేల్చుకొనుటకే ఈ వ్యాజ్యములు నడచినవని తోచును.

దేశదేశముల వారి సమాధానములు చూడ వేడుకగా నుండును. దక్షిణాఫ్రికా 2021 జూలైలో పేటెంటు నిచ్చివేసెను. ఆ దేశమున దరఖాస్తు రూపము సరిగా నున్నదా యని మాత్రమే చూతురు గాని లోతు పరీక్ష లేదు. కావున దానిని పెద్ద విజయముగా నెంచరాదు. అదే మాసాంతమున ఆస్ట్రేలియాలో బీచ్ అను న్యాయమూర్తి, యంత్రము కల్పకుడు కావచ్చునని తీర్పు చెప్పెను. ఆంగ్లములో కల్పకుడను మాట కర్తను తెలుపు పదమనియు, అట్టి పదములు మనుష్యునకును వస్తువునకును చెల్లుననియు ఆయన తర్కించెను. కంప్యూటరు అను మాటయే ఒకప్పుడు లెక్కలు కట్టు గుమాస్తాకు పేరు కదా! ఇచట ఒక చిన్న మాట. మన తెలుగులో కోతగాడు వేరు, కోతమిషను వేరు. ఆ వ్యాజ్యము మన భాషలో నడచియుండినచో ఆ న్యాయమూర్తికి అంత సులభముగా దారి దొరకియుండదేమో. 2022 ఏప్రిలులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును కొట్టివేసెను. ఆ నవంబరులో పై న్యాయస్థానము అప్పీలు నంగీకరింపలేదు.

అమెరికాలో 2022 ఆగస్టున అప్పీలు న్యాయస్థానము, చట్టములో కల్పకుడనగా ‘వ్యక్తి’ యని యున్నది, వ్యక్తి యనగా మనుష్యుడే యని చెప్పెను. 2023 ఏప్రిలులో సుప్రీముకోర్టు అందు కలుగజేసికొన నిరాకరించెను. ఐరోపా పేటెంటు కార్యాలయమువారును తిరస్కరించిరి. జర్మనీ ఉన్నత న్యాయస్థానము 2024 జూనులో మధ్యమార్గము చూపెను: మనుష్యుని పేరే వ్రాయవలెను, యంత్రము సాయము గొప్పదైనంతమాత్రమున మనుష్యునకు హక్కు పోదు.

అన్నింటను నాకు నచ్చినది బ్రిటిషు సుప్రీముకోర్టు 2023 డిసెంబరు 20న ఏకగ్రీవముగా ఇచ్చిన తీర్పు. లార్డ్ కిచిన్ గారు దానిని వ్రాసిరి. థేలర్ వాదములలో ఒకటి మన పల్లెవారికి సుపరిచితమైన న్యాయము. ఆవు ఎవరిదో దూడ వారిది. చెట్టు ఎవరిదో పండు వారిది. అట్లే యంత్రము నాది గనుక అది కన్న కల్పనయు నాదే. వినుటకు సొంపుగనే యున్నది. కాని దూడ చేతికి తగులు వస్తువు. నీ దొడ్డిలో నున్నచో నా దొడ్డిలో నుండదు. ఆలోచన అట్టిది కాదు. నేను నీకు చెప్పినను నా యొద్దనే యుండును. చేతికి తగులు వస్తువునుండి పుట్టిన చేతికి తగులు వస్తువునకే ఆ న్యాయము చెల్లునని కోర్టువారు దానిని త్రోసిపుచ్చిరి. కల్పకుడు మనుష్యుడై యుండవలెనని తేల్చిరి. థేలర్ తానే కల్పకుడననియు, డాబస్ తన పనిముట్టనియు చెప్పియుండినచో వ్యవహారము వేరుగా నుండెడిదని సూచించుటకూడ వారు మరువలేదు.

ఇంతటితో చిక్కు తీరెనా? తీరలేదు. యంత్రము చేసినదానిపై తన పేరు వ్రాసికొనువానిని పట్టుకొనుటెట్లు? థేలర్ నిజము చెప్పి ఓడెను. నిజము చెప్పనివాడు గెలువవచ్చును. అమెరికా పేటెంటు కార్యాలయము 2024 ఫిబ్రవరిలో, మనుష్యుని పాత్ర గణనీయమై యుండవలెనని కొలత పెట్టెను. 2025 నవంబరులో ఆ సూచనలను రద్దుచేసి, కృత్రిమ మేధ ప్రయోగశాలలోని ఇతర పరికరములవంటిదేయనియు, ఆలోచన మనుష్యుని మనస్సున రూపొందినదా యనుటయే ప్రశ్నయనియు చెప్పెను. మనస్సున రూపొందుటకు సాక్షి ఎవరో నాకు తెలియరాలేదు.

నా మట్టుకు నేను యంత్రమునకు హక్కు అక్కరలేదనువాడను. ఆశ చూపిననే పనిచేయునది మనుష్యజాతి. డాబస్‌నకు భుజము నొచ్చిన తల్లి లేదు, ఏడేండ్ల వడ్డీ అప్పు లేదు. దానికి పేటెంటు ఇచ్చుట యనగా దాని యజమానికి ఇచ్చుటయే. గొప్ప యంత్రములు కొనగల ధనికుడు రాత్రికి రాత్రి వేల కల్పనలు పుట్టించి, ఒక్కొక్కదానిచుట్టు కంచె వేయగలిగినచో, ఆలేరులో మేకులతో కుస్తీపట్టువాడు ఏ దారిన పోయినను ఎవరి కంచెయో అడ్డగించును. అయ్యంగారుగారు 1959లో చెప్పిన కీడు వేరొక వేషముతో వచ్చినట్లగును. యంత్రముతో పనిచేసినవానికి హక్కు ఉండరాదని నేననుట లేదు. కష్టము ఎవరిదో వానికే యుండవలెను.

ఇంకొక చిక్కు. పేటెంటునకు వస్తువు క్రొత్తదై యుండుట చాలదు. ఆ వృత్తిలో నేర్పు గలవానికి సులభముగా తట్టరానిదై యుండవలెను. ఆ నేర్పరియొద్ద రేపు కృత్రిమ మేధ యుండినచో, వానికి తట్టనిది ఏమి మిగులును? ఈ ప్రశ్నను న్యాయస్థానములు ముందుముందు విచారింపక తప్పదు.

మన గ్రంథాలయమునకు దగ్గరగా వచ్చునది మూడవ చిక్కు: క్రొత్తది యనగా ఎవరికి క్రొత్త? 1995 మార్చిలో అమెరికాలోని మిస్సిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు, పసుపుతో గాయములు మాన్పు పద్ధతిపై పేటెంటు లభించెను. మన ఇండ్లలో వ్రేలు తెగిన పిల్లవానికి అమ్మమ్మ మొదట చేయు పని అదియే. కాని అమ్మమ్మ ఎక్కడను వ్రాసి పెట్టలేదు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథములు వెదకి, 1953లో ఒక భారతీయ వైద్యపత్రికలో వెలువడిన వ్యాసమునుకూడ జతచేసి సవాలు చేయగా, 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. అమ్మమ్మ మాట చెల్లలేదు. గ్రంథములోని మాట చెల్లినది. 2001లో మన ప్రభుత్వము సంప్రదాయ విజ్ఞానమును కంప్యూటరు గ్రంథాలయముగా కూర్చుట మొదలుపెట్టినది ఈ అనుభవముచేతనే.

కృత్రిమ మేధ తనకు చదివించినదానిని మాత్రమే ఎరుగును. తెలుగు గ్రంథములలో, అందులోను పాత వైద్య గ్రంథములలో, ఎంత భాగము దానికంటికి సోకినది? మన తాతలకు తెలిసిన యోగమును అది క్రొత్తగా కల్పించినట్లు చూపవచ్చును. పరీక్షించు అధికారియు తనకు దొరకిన కాగితములలో అది లేదు గనుక క్రొత్తదేయని నమ్మవచ్చును. దీనికి విరుద్ధమైన వింతయు జరిగినది. 2016లో అలెగ్జాండర్ రెబెన్ అను అమెరికా కళాకారుడు, పాత పేటెంటుల వాక్యములను కంప్యూటరుచేత ఎడాపెడా కలిపించి, లక్షలాదిగా పుట్టిన వర్ణనలను బహిరంగముగా ప్రకటించెను. ముందే ప్రకటితమైనదానిపై ఎవరును హక్కు కోరరాదు కదా యని ఆయన ఎత్తు. అందులో అధికభాగము అర్థములేని మాటలే. చెత్తకుప్పవంటి ముద్రణ నిజమైన విద్యకు సాటి యగునా యని నాకు సందేహము.

ముద్రణకూడ అక్కరలేని ఉదంతము ఒకటి కలదు. అమెరికాలో ఒక దరఖాస్తుదారునకు పేటెంటు కార్యాలయము హక్కు నిరాకరించెను. జర్మనీలో ఫ్రైబర్గు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున అదే విషయముపై ఒక సిద్ధాంత వ్యాసము ముందే యున్నదని కారణము చూపెను. ఉన్నది ఒక్క ప్రతి. దానిని ఎవరైన చదివిరా యన్నదానికి ఋజువు లేదు. అయినను 1986లో అప్పీలు న్యాయస్థానము, పట్టికలో చేర్చి, అడిగినవారికి ఇచ్చుటకు సిద్ధముగా నుంచిన గ్రంథము లోకమునకు తెలియపరచినట్లేయని తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు ఆధారము, ఆ గ్రంథాలయమున గ్రంథములు ఎరువిచ్చు విభాగాధికారి వ్రాసి యిచ్చిన ప్రమాణపత్రము. గ్రంథము చేతికి వచ్చిన పిమ్మట ఎన్నాళ్లకు పట్టికకెక్కించుట తమ వాడుకయో ఆయన అందులో తెలిపెను.

మన గ్రంథాలయమున ఉత్తరపు గోడనున్న బీరువాలో, దాతలిచ్చిన పాత వైద్య గ్రంథములు, రెండు తాటియాకుల కట్టలు ఉన్నవి. వానికి పట్టిక ఇంకను తయారు కాలేదు. ఉత్సవము ముగిసిన పిమ్మట ఆ పనికై వారమునకు రెండు సాయంకాలములు వచ్చెదనని కార్యదర్శిగారికి మాట ఇచ్చితిని. తాటియాకుల వ్రాత చదువగలవారెవరైన మన చందాదారులలో నున్నచో దయచేసి వారుకూడ రావలెను.